సారంగపాణి పై శ్రుతి

ఆ కాయితం తన చేతికి రాకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని కుముదవల్లి తర్వాత చాలాసార్లు అనుకుంది. కానీ టైపిస్టును పెట్టుకునేదే ఇచ్చిన కాయితమల్లా కొట్టమని. ఇది చదువుతాను, ఇది చదవను అంటే కుదురుతుందా?

1982 నవంబరు. తిరుపతిలో డాక్టర్ దేవరాజులు ఆసుపత్రి మేడమీద ఒక చిన్న గది. బయట బోర్డు మీద ‘గళగ్రంథి వైద్యుల సంఘం’ అని ఉంటుంది. గళగ్రంథి అంటే మరేం లేదు, గొంతు దగ్గరుండే థైరాయిడ్. ఆ పేరు వెతికి పెట్టింది దేవరాజులు గారే. ఆయనే సంఘానికి కార్యదర్శి, ఆయనే పత్రికకు సంపాదకుడు, సభలకు కుర్చీలు వేయించేదీ ఆయనే. ఊళ్ళోవాళ్ళు మాత్రం గొంతుగడ్డ డాక్టర్ల సంఘం అనేవారు. అందులో తప్పేమీ లేదు.

మూడు నెలలకొకసారి ఎనిమిది పేజీల సమాచార పత్రిక వచ్చేది, ఇంగ్లీషులో. కొత్తగా చేరినవారెవరు, కాలం చేసినవారెవరు, సత్యవేడు పల్లెల్లో ఎందరు పిల్లలకు గొంతుగడ్డలున్నాయి, వచ్చే ఏడు ఐరాల వైపు శిబిరం ఏ నెలలో పెట్టాలి, ఉప్పులో అయోడిన్ కలపమని సర్కారుకు అర్జీ ఎవరు రాయాలి, ఇవీ వార్తలు. కుముద స్టెన్సిల్ కొట్టి, చేత్తో తిప్పే సైక్లోస్టైల్ యంత్రం మీద నూటయాభై ప్రతులు తీసి పోస్టులో వేసేది. నాలుగేళ్ళుగా అదే పని. ఆ పత్రికలో రాసేది తన ఇంటికి తగులుతుందని ఆమె ఒక్కనాడూ అనుకోలేదు.

ఆ నవంబరులో తగిలింది. మదురై సభ్యుడొకాయన నాలుగు పేరాల వ్యాసం పంపాడు. గొంతుగడ్డ పైకొన దగ్గర రక్తనాళాన్ని ముడివేసేటప్పుడు దాని పక్కనే సన్నటి నరం ఒకటి పోతూ ఉంటుందట. అది ముడిలో చిక్కితే రోగి మాట్లాడటం మానడు. లేచి కూర్చుని డాక్టరుకు నమస్కారం చెబుతాడు, కాఫీ అడుగుతాడు. డాక్టరు గొంతు బాగుందని రాసుకుని ఇంటికి పంపేస్తాడు. కానీ ఆ మనిషికి పై శ్రుతి మళ్ళీ రాదు. పాడేవాళ్ళకు తప్ప ఈ నష్టం ఎవరికీ తెలియదు గనుక మనం లెక్కలోకి తీసుకోవడం లేదు, నేను వెతికి చూసిన నలభైముగ్గురిలో ఆరుగురికి ఇలా జరిగింది అని రాశాడాయన.

కుముద వేళ్ళు ఆగిపోయాయి. అదే స్టెన్సిల్ మీద, పైన, ఆమె అప్పుడే కొట్టి ఉన్న వార్త ఇది: డిసెంబరు పదకొండు, పన్నెండు తేదీల్లో తిరుపతిలో వార్షిక సభ. మొదటిరోజు ఉదయం పది గంటలకు డాక్టర్ సుదర్శనం, మద్రాసు, గొంతుగడ్డ శస్త్రచికిత్స చేసి చూపిస్తారు. రోగి పురుషుడు, వయసు యాభైనాలుగు.

ఆ యాభైనాలుగేళ్ళ పురుషుడు ఆమె నాయన.

సారంగపాణి ఊళ్ళోని ఒక కోవెల్లో ఆళ్వార్ల తమిళ పాశురాలు చెప్పే గోష్ఠిలో మొదటి గొంతు. గోష్ఠి అంటే పదిమంది రెండు వరసలుగా నిలబడి దేవుడి ముందు చెప్పడం. ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, మిగిలినవాళ్ళు అందుకోవాలి. ఇరవైరెండేళ్ళుగా ఎత్తుకునేది సారంగపాణే. ఆయన ఎత్తుకుంటే బయటి వీధిలో పూలు కట్టే వాళ్ళ చేతులు ఒక్క క్షణం ఆగేవి. నేను కోతలు కోయడం లేదు, విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆయనకు పొలం లేదు, వ్యాపారం లేదు, చెప్పుకోదగ్గ చదువూ లేదు. భార్య పద్మాక్షి పోయి ఆరేళ్ళయింది. ఉన్నది ఒక కూతురు, ఒక గొంతు.

ఆ గొంతు మీదే గడ్డ లేచింది. రెండేళ్ళ కిందట ఉసిరికాయంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయను మించిపోయింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. దేవరాజులు గారు చూసి, తియ్యక తప్పదన్నాడు. “ఈ పని నా చేతులకంటే సుదర్శనం గారి చేతులకు బాగా వచ్చమ్మా. ఆయన సభకని వస్తా ఉండాడు. మీ నాయన్ను ఆయనకే అప్పజెప్తాను” అన్నాడు. మంచిమనిషి, లేనిపోని గొప్పలకు పోడు.

కాయితం చదివిన ఆ సాయంత్రం కుముద ఇంటికి పోయి వంట చేసింది గానీ, ఏం వండిందో ఆమెకే తెలియదు. నాయనకు చెప్పాలా? చెబితే ఆయన ఆపరేషన్ వద్దంటాడు. వద్దంటే గడ్డ ఏదో ఒకనాడు ఊపిరి తీస్తుంది. చెప్పకపోతే, గొంతుతో బల్లెక్కిన మనిషి గొంతు లేకుండా దిగితే, ఆ మొహం చూడాల్సింది తనే. చెప్పలేదు.

మర్నాడు ధైర్యం కూడగట్టుకుని దేవరాజులు గారి గదిలోకి పోయింది. “సార్, ఆ మదురై సారు రాసింది చదివినాను. మా నాయనకు మాట ఒక్కటీ ఉంటే సాలదు సార్. పైకి ఎత్తేది ఉండల్ల.”

దేవరాజులు కళ్ళద్దాలు తీసి ఆమె వంక చూశాడు. నాలుగేళ్ళలో ఆ పిల్ల స్టెన్సిల్ సంగతి తప్ప మరేదీ మాట్లాడలేదు. “నిజమేనమ్మా, నాకు తోచనే లేదే” అన్నాడు. అప్పటికప్పుడే మద్రాసుకు ట్రంకాల్ చేశాడు. సుదర్శనం గారు ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. పూర్తిగా మత్తు ఇవ్వకుండా గొంతు చుట్టూ మాత్రం సూదులు వేసి కోస్తాను, పైకొన ముడి బిగించే ముందు దాన్ని పట్టకారుతో మెల్లగా నొక్కి పట్టుకుని ఆయన్ను పాశురం ఎత్తుకోమంటాను, పై శ్రుతి పలికితే ముడి వేస్తాను, పలక్కపోతే వదిలి ఇంకోచోట వేస్తాను అన్నాడు.

కుముదకు ఊపిరి వచ్చింది. మీద పడబోయే గోడను ఎవరో చెయ్యి అడ్డం పెట్టి ఆపినట్టుంది. కార్యక్రమం పేజీ మళ్ళీ కొట్టింది. ‘శస్త్రచికిత్స మధ్యలో రోగి పాశురం చెబుతారు’ అన్న వాక్యం ఆమే చేర్చింది. నాయనకు మాత్రం ఆ మాట చెప్పలేదు, చెబితే నరం సంగతీ చెప్పాల్సి వస్తుంది. తేదీ మళ్ళీ కొట్టింది, డిసెంబరు పదకొండు. ఆహ్వానాల్లో కొట్టింది, లాడ్జీలకు రాసిన ఉత్తరాల్లో కొట్టింది. ఎన్నిసార్లు కొట్టిందో!

ఆ తేదీ ఏమిటో ఒక్కసారి చూసుకుని ఉండాల్సింది. వేరేవాళ్ళకు తెలియకపోవచ్చు, ఆ ఇంట పుట్టినదానికి తెలియదా? కార్తీక దీపం పండగ వెళ్ళిన మర్నాటినుంచి, వైకుంఠ ఏకాదశికి పదిరోజుల ముందు కోవెల్లో అధ్యయనోత్సవం మొదలయ్యేదాకా అనధ్యయనం. ఆ రోజుల్లో పాశురం నోట పలకకూడదు. కోవెల్లో పలకరు, ఇంట్లోనూ పలకరు. దీపం వెళ్ళాక సారంగపాణి ఎప్పట్లాగే మానేశాడు. తెల్లవారుజామున బావి దగ్గర వినిపించే గొంతు ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. ప్రతి ఏడూ ఉండే నిశ్శబ్దమే. కానీ ఈసారి భయంతో చెవులు మూసుకుపోయిన పిల్ల, గడ్డ ముదిరి నాయన గొంతు పట్టేసిందనుకుంది. ఒకపూట “నొప్పిగా ఉండాదా నాయనా?” అని అడిగింది కూడా. “లేదమ్మా” అన్నాడాయన. దాచిపెడుతున్నాడని లోలోపల ఇంకా హడలిపోయింది.

పదకొండో తేదీ వచ్చింది. ఆసుపత్రి మేడమీది పెద్ద గదిలో అరవై కుర్చీలు. కింద ఆపరేషన్ గదినుంచి కిటికీగుండా వైరు లాగి మేడమీద లౌడ్‌స్పీకరు పెట్టించాడు దేవరాజులు. మైకుసెట్టు బజారులో అద్దెకిచ్చే సుబ్బన్నది. పెళ్ళిళ్ళలో నాదస్వరం వినిపించే సెట్టు అదే, దాని మీద ఇంకా పసుపు మరక ఉంది. పైనున్న డాక్టర్లు ప్రశ్నలడగడానికి ఇక్కడొక మైకు, కింద ఒక మైకు. కుముద మొదటి వరస చివర షార్ట్‌హ్యాండ్ పుస్తకం పట్టుకుని కూర్చుంది. జరిగిందంతా జనవరి పత్రికకు రాసుకోవడం ఆమె పని.

“మొదలు పెడుతున్నాను” అన్నాడు సుదర్శనం లౌడ్‌స్పీకరులో. కత్తెరలు ట్రేలో పెట్టే చప్పుడు, దేవరాజులు గారి దగ్గు, అన్నీ గదంతా వినిపిస్తున్నాయి. “స్వామీ, ఒకటినుంచి పది చెప్పండి.” సారంగపాణి గొంతు వచ్చింది, మెల్లగా, స్పష్టంగా. ఒకటి, రెండు, మూడు. కుముద రాసుకుంది. ముప్పావు గంట గడిచింది. ఆమె పెన్సిలు చెమటకు జారుతూ ఉంది.

“ఇప్పుడు పైకొన దగ్గరున్నాను. పట్టుకున్నాను. స్వామీ, ఒక పాశురం ఎత్తుకోండి.”

లౌడ్‌స్పీకరులో బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

“స్వామీ, పాశురం.”

ఏమీ లేదు. ముందు వరసలోని డాక్టరొకాయన పక్కాయనతో గుసగుసగా, “నరం పోయింది” అన్నాడు. ఆ మాట కుముద చెవిలో పడింది. పోయింది. నాయన గొంతు పోయింది. కోవెల్లో మొదటి వరసలో నిలబడి నోరు తెరిచి గాలి మాత్రం వదిలే నాయన కళ్ళముందు కనబడ్డాడు. ఆయన్ను ఆ బల్లమీదికి ఎక్కించింది తనే. ఆ తేదీ కొట్టింది తనే.

అప్పుడు లౌడ్‌స్పీకరులో సన్నగా మాట వచ్చింది. “చెప్పకూడదు డాక్టరుగారూ. అనధ్యయనం జరుగుతా ఉండాది.”

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. కుముదకు అర్థమయింది. ఆ ఇంట పుట్టినదానికి, ఆ తేదీ అన్నిసార్లు కొట్టినదానికి, అప్పుడు అర్థమయింది. దిగులుకన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

కింద దేవరాజులు బతిమాలుతున్నాడు. “స్వామీ, ఇది వైద్యం. సుదర్శనం గారు ముడి వేయల్ల. పై శ్రుతి వినకుండా వేస్తే మీ గొంతు ఉంటాదో పోతాదో మాకు తెలీదు.” ఆ సంగతి సారంగపాణి వినడం అదే మొదటిసారి. తర్వాత, “ఇంకేదన్నా అనమంటారా?” అన్నాడు. ‘ఆ’ అని రాగం తీయబోయాడు. మెడ వెనక్కి వంచి, కోసి ఉన్న గొంతుతో, భయంతో, అది సగంలోనే విరిగిపోయింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ విరిగింది. నలభై ఏళ్ళుగా ఆ గొంతు పాశురం పట్టుకునే పైకి పోయింది, ఊరికే ఎక్కడానికి దానికి దారి తెలియదు. “ఇది చాలదు. దీన్నిబట్టి ఏమీ చెప్పలేను. ఇట్లా ఎంతోసేపు పట్టుకుని ఉండటానికీ లేదు” అన్నాడు సుదర్శనం. ఆయన గొంతులోనూ భయం వినిపించింది.

కుముద ఎప్పుడు లేచిందో, అరవైమంది ముందు ఆ మైకు దగ్గరికి ఎలా నడిచిందో ఆమెకు గుర్తులేదు. మైకు ముందు నిలబడి నోటికొచ్చింది చెప్పేసింది.

“నాయనా, నేను కుముదను. నీకు చెప్పేది మర్చిపోయినాను. నిన్ననే మన ఆచార్య స్వామి దగ్గరికి పోయి అడిగినాను. వైద్యానికి దోషం లేదు, ఒక్క పాశురం చెప్పుకోవచ్చు అని అనుమతి ఇచ్చినారు. చెప్పు నాయనా.”

అబద్ధం. పచ్చి అబద్ధం, అదీ గురువు పేరు మీద. ఆ ఇంట్లో దానికంటే పెద్ద తప్పు లేదు.

బుస్సుమనే చప్పుడు. ఆమె మైకు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది.

ఎత్తుకున్నాడు. మొదట అడుగున, గరగరగా. రెండో పాదంలో మెట్టు ఎక్కింది. మూడో పాదంలో, ఎప్పుడూ ఎక్కే చోట, గొంతు పైకి లేచి అక్కడ నిలబడింది. పసుపు మరకున్న ఆ డబ్బా అదిరింది. కుర్చీల్లోని డాక్టర్లు కదల్లేదు. “ఉంది. ముడి వేస్తున్నాను” అన్నాడు సుదర్శనం. రెండోవైపు పైకొన దగ్గరా అలాగే జరిగింది. కుముద గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

ఒక భయం తీరింది, ఇంకో భయం మొదలైంది. నాయన ఆచార్య స్వామి దగ్గరికి పోకుండా ఉంటాడా? పోయి, మీ దయవల్ల గొంతు దక్కిందని సాష్టాంగపడకుండా ఉంటాడా? ఆయన ఏ దయ, ఎవరడిగారు అంటే? కుట్లు విప్పారు, ఇంటికి వచ్చారు. సారంగపాణి ఆ సంగతి ఎత్తడు. గుమ్మంలో అడుగుల చప్పుడైతే కుముద చేతిలో పని వదిలి తొంగి చూసేది. ఆయన కండువా భుజాన వేసుకుంటే “యాడికి నాయనా?” అని అడిగేది. “యాడికీ లేదులేమ్మా” అనేవాడు. పాపం, ఆయన మంచినీళ్ళకు లేచినా ఈమె లేచేది.

వైకుంఠ ఏకాదశికి రెండు రోజుల ముందు దేవరాజులు గారు జనవరి పత్రికకు తాను రాసింది ఇచ్చాడు. తెగ సంతోషంగా ఉన్నాడు. వచ్చే ఏడు నుంచి పాడేవాళ్ళకు, బడిపంతుళ్ళకు ఆపరేషన్‌కు ముందు, తర్వాత పై శ్రుతి పరీక్షించాలని సంఘం తీర్మానించింది, దీనికి కమిటీ వేస్తున్నాం, వేసవిలో చిత్తూరులో సమావేశం అని రాశాడు. కింద ఒక పేరా. ‘నియమకాలంలో కూడా దయతో అనుమతి ఇచ్చిన ఆచార్యుల వారికి సంఘం కృతజ్ఞతలు. వారికి ఒక ప్రతి పంపుతున్నాం.’

“చిరునామా నువ్వే రాయమ్మా, నీకు తెల్సు గదా” అన్నాడు.

కుముద సరే అంది. ఆ పేరా దాకా కొట్టి, స్టెన్సిల్ మిషన్లోనే వదిలి, నాలుగు గంటలకే ఇంటికి పోయింది.

సారంగపాణి వరండాలో కూర్చుని తాటాకు విసనకర్ర అంచుకు గుడ్డ కుడుతున్నాడు. గొంతు మీద పచ్చి గీత కనబడుతోంది. ఆమె ఎదురుగా నిలబడింది.

“నాయనా, ఆ దినం నేను చెప్పింది అబద్ధం. స్వామి దగ్గరికి నేను పోలేదు. ఆయన అనుమతి ఇయ్యలేదు.”

ఆయన సూది ఆపలేదు. రెండు కుట్లు వేశాడు. “తెల్సమ్మా” అన్నాడు.

“ఎప్పుడు తెల్సింది?”

“నువ్వు చెప్పినప్పుడే. దీపం మర్నాడే స్వామి శ్రీరంగం పోయినారు. రైలెక్కించింది నేనే గదా. ఇంకా రాలేదు.”

కుముద, “మరి ఎందుకు చెప్పినావు నాయనా, పాశురం?” అంది.

సారంగపాణి విసనకర్ర పక్కన పెట్టాడు. కూతురి మొహం చూడలేదు, గేటు వైపు చూశాడు.

“భయమేసిందమ్మా. గొంతు పోతాదేమో అన్నాడే ఆ డాక్టరు, అప్పుడు నాకు దేవుడు గుర్తుకు రాలేదు, నియమం గుర్తుకు రాలేదు. గొంతు పోతే నేనెవర్ని అని ఒకటే భయం. చెప్పకూడదన్నాను గానీ, ఎవరన్నా ఒక అబద్ధం చెప్తే బాగుండు, దాన్ని పట్టుకోని చెప్పేస్తాను అని కాసుకోని పడుకోనుండాను. నువ్వు చెప్పినావు. నువ్వు చెప్పకపోయినా ఇంకో నిమిషానికి నేనే చెప్పేసుందునేమో. తప్పు నీది కాదులే.”

నాయన భయపడతాడని కుముదకు అంతవరకూ తెలియదు. ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“డాక్టరుగారు స్వామి పేరు పత్రికలో రాసినారు” అంది.

“తీసేయమని చెప్పు. స్వామి రానీ, నేనే పోయి చెప్పుకుంటాను.”

“గోష్ఠిలోంచి నిలిపేస్తే?”

ఆయన చెయ్యి గొంతు మీదికి పోయింది, ఆ గీత మీద ఆగింది.

ఏకాదశినాడు తెల్లవారుజామున కుముద కూడా కోవెలకు పోయింది. ఆచార్య స్వామి శ్రీరంగంనుంచి ఇంకా రాలేదు, గోష్ఠిలో ఎవరికీ ఏమీ తెలియదు. గోష్ఠి రెండు వరసలుగా నిలబడింది. మొదటి వరసలో సారంగపాణి చోటు వదిలిపెట్టి ఉంచారు. ఆయన ఆ చోటికి పోకుండా రెండో వరస చివర, స్తంభం పక్కన నిలబడ్డాడు. ఎత్తుకుంటాడని అందరూ వెనక్కి తిరిగి చూశారు. డాక్టరు ఇంకా ఒప్పుకోలేదేమోలే అని ఎవరో అన్నారు. మరెవరో ఎత్తుకున్నారు, మిగిలినవాళ్ళు అందుకున్నారు. సారంగపాణి చేతులు జోడించుకుని, పెదవులు బిగబట్టుకుని, చివరిదాకా అలాగే నిలబడ్డాడు.